మటన్ కొట్టు నుంచి ఆర్గన్ బాత్ దాకా: మేకపోతు కండరంతో నైట్రిక్ ఆక్సైడ్ డైరీ

రోజు 1

తెల్లారగట్ల ఐదున్నరకే హనుమకొండలో మటన్ కొట్టు ముందు నిలబడ్డాను. "భాయ్, మేకపోతుని కోసినప్పుడు పెద్దపేగు చివర పక్కనుంచి కిందికి రెండు తెల్లటి సన్న తాళ్ళు దిగుతాయి, అవి తెగకుండా పొడుగ్గా కావాలి" అన్నాను. "బోటీ గావాల్నా సార్?" అన్నాడు. కాదు భాయ్ అని ఫోన్లో బొమ్మ చూపిస్తే, ఫోన్ వైపోసారి నా వైపోసారి చూసి, "గవా! గవి మేం పారేస్తం. గవేం జేస్తరు?" అన్నాడు. చదువు కోసం అన్నాను. నా వెనక తలకాయ మాంసం కోసం నిలబడ్డ పెద్దాయన "ఏం చదువయ్యా అది" అని గొణిగాడు. వినబడనట్టు ఊరుకున్నాను.

ఆ తాళ్ళ పేరు రిట్రాక్టర్ పీనిస్. మేక, గొర్రె, ఎద్దు లాంటి జంతువుల్లో పురుషాంగం లోపల ఎస్ అక్షరంలా మడత పడి ఉంటుంది, ఈ జంట కండరం దాన్ని ఎప్పుడూ వెనక్కి లాగి పట్టుకుని ఉంటుంది. తోక దగ్గరి వెన్నుపూసల నుంచి బయల్దేరి, మలద్వారాన్ని ఆనుకుని వచ్చి, ఆ మడత దగ్గర అతుక్కుంటుంది. నరం నుంచి కబురొస్తే వదులవుతుంది, మడత విప్పుకుంటుంది. ఇది నునుపు కండరం, అంటే మన పేగుల్లో, రక్తనాళాల్లో ఉండే రకం, మన ఇష్టంతో కదిలేది కాదు.

నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు ఈ "వదులవడం" గురించే. నరం కండరాన్ని బిగించడం అందరికీ తెలుసు, ఇంటర్‌లోనే చదివాం. ఇక్కడ నరం పనిగట్టుకుని వదులు చేస్తుంది, అదీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుతో. ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. దాన్ని నా కళ్ళతో ఒక గీత రూపంలో చూడాలని కోరిక. కాలేజీలో ఎలుకలూ గినీ పందులూ దొరికే రోజులు పోయాయి కాబట్టి కొట్టులో పారేసేదే నాకు దిక్కు.

రోజు 3

క్రెబ్స్ ద్రావణం, అంటే ఒంట్లోంచి తీసిన కండరాన్ని బతికించి ఉంచే ఉప్పునీళ్ళు. లీటరు నీళ్ళకి ఉప్పు 6.9 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.35, కాల్షియం క్లోరైడ్ 0.37, మెగ్నీషియం సల్ఫేట్ 0.3, పొటాషియం ఫాస్ఫేట్ 0.16, సోడియం బైకార్బొనేట్ 2.1, గ్లూకోజ్ 2. వంట రాసుకున్నట్టే రాసుకున్నాను, అన్నీ బీకరులో గుమ్మరించి కలిపాను, బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా అయింది. కాల్షియం విరిగి కూర్చుంది. ముందు మిగతావన్నీ కరిగించి, కార్బోజెన్ (95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్) బాగా బుడగలాడించి, పీహెచ్ 7.4 దగ్గరికి దిగాక చివర్లో కాల్షియం పొయ్యాలి. ఇది పుస్తకంలో ఉంది. నేనే చదవలేదు.

కార్బోజెన్ సిలిండరు ఖర్చు తప్పించుకుందామని చేపల తొట్టి పంపు పెట్టి చూశాను కూడా. మామూలు గాలి పంపితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ 8 దాటింది. సిలిండరు తెచ్చుకోక తప్పలేదు. అటెండర్ అన్నా నేనూ దాన్ని రెండో అంతస్తుకి ఎక్కించేసరికి నడుములు పడిపోయాయి.

రోజు 4 నుంచి 9 దాకా

స్టిమ్యులేటర్. కండరం ముక్కకి రెండు వైపులా తీగలు పెట్టి సన్నటి షాకులు కొడితే, కండరంలో అల్లుకున్న నరాల చివర్లు ఉత్తేజపడతాయి. కాలేజీలో ఉన్న పెట్టె పదేళ్ళుగా పనిచెయ్యట్లేదు, కొత్తది కొనే బడ్జెట్ లేదు. ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, మాస్‌ఫెట్ అనే కరెంటు స్విచ్చి ఒకటి, రెండు పాత 24 వోల్టుల అడాప్టర్లు సీరీస్‌లో కలిపి నేనే కట్టాను. పైకి సులువుగా కనిపిస్తుంది గానీ క్రెబ్స్ అంటే ఉప్పునీళ్ళు, కరెంటుని గటగటా తాగేస్తుంది, పల్స్ వచ్చిన ప్రతిసారీ వోల్టేజి కుంగిపోయేది. పెద్ద కెపాసిటర్లు రెండు పెట్టాక కుదుటపడింది.

తీగల విషయంలో దెబ్బతిన్నాను. మొదట స్టీలు సూదులు పెట్టాను, గంటలో బాత్ (కండరం ముక్కని వేలాడదీసే పాత్ర) నీళ్ళు టీ డికాషన్ రంగుకి తిరిగాయి. ప్లాటినం కావాలి. ప్లాటినం ఎక్కడ దొరుకుతుంది? కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో మంట పరీక్షకి వాడే తీగలుంటాయి, బీరువాలో తాళం వేసి దాచుకుంటారు, వాటి కోసం మూడు రోజులు తిరిగి, సంతకం పెట్టి, "పోతే నీ టీసీ ఆపేస్తాం" అనిపించుకుని రెండు తెచ్చాను.

బలం కొలవడానికి 100 గ్రాముల లోడ్ సెల్, దాని సిగ్నల్ లాప్‌టాప్‌కి. మా సీనియర్లు పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద మీట ముల్లుతో గీతలు గీయించేవాళ్ళు, ఆ డ్రమ్ములు ఇప్పటికీ ల్యాబ్ అటక మీద ఉన్నాయి. వాళ్ళకి ఫ్యాన్ గాలికి గీత వణికేది. నాకూ అదే బాధ, కాకపోతే నా గీత తెర మీద వణుకుతుంది.

రోజు 12

భాయ్ ఇచ్చిన తాడుని ఐస్ డబ్బాలో తెచ్చి, కొవ్వు తీసి, ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్క కోసి, రెండు చివర్లా దారం కట్టి, 37 డిగ్రీల బాత్‌లో వేలాడదీశాను. (మేక ఒంటి వేడి ఇంకా ఎక్కువే, 39 దగ్గర ఉంటుంది, అయినా అందరూ 37 పెడతారు, నేనూ పెట్టాను.) ఒక గ్రాము బరువుతో లాగి వదిలేశాను. గంట దాటినా గీత చదునుగా ఉంది. చచ్చిపోయిందనుకుని టీకి వెళ్ళి వచ్చేసరికి గీత మెల్లగా పైకి పాకుతోంది. ఎవరూ ఏ మందూ వెయ్యకుండా, ఏ షాకూ కొట్టకుండా, ఆ ముక్క దానంతటదే బిగుసుకుంటోంది. ఈ కండరం స్వభావమే అది. వదులు చూడాలంటే ముందు బిగువు ఉండాలి కదా, దిగడానికి మెట్లుండాలి. పేగు ముక్కల్లో ఆ బిగువు కోసం వేరే మందు వెయ్యాలి, ఇందులో ఊరికే వస్తుంది. అందుకే ఇంత గోల పడి ఈ తాళ్ళు ఎంచుకున్నది.

రోజు 13

షాకు కొడితే కండరం ఇంకా బిగిసింది. వదులవలేదు. ఇది అనుకున్నదే. ఇందులోకి వచ్చే నరాల్లో ఒక రకం నోరడ్రినలిన్ వదిలి బిగిస్తుంది, ఆ గోలలో వదులు చేసే నరం మాట వినబడదు. బిగించే నరాల నోరు నొక్కడానికి గ్వానెథిడిన్ అనే పాత బీపీ మందు వాడతారు. మా మేడమ్ బీరువాలో ఒక చిన్న సీసా ఉంది, అడుగున కాస్త పొడి. "దీని వయసు నీ వయసంత ఉంటుంది, జాగ్రత్త" అని ఇచ్చారు.

రోజు 15

గ్వానెథిడిన్ వేశాక కండరం ఇంకొంచెం బిగిసి ఆగింది. షాకు కొట్టాను. మళ్ళీ బిగిసింది!

అట్రోపిన్ ఆంప్యూల్ కూడా వేశాను, ఇంకో రకం నరాలు వదిలే ఎసిటైల్‌కోలిన్ పని కాకుండా. అయినా బిగుసుకుంటూనే ఉంది. అప్పుడు నాకు పెద్ద ఆలోచన వచ్చింది: ఇదేదో ఎవరూ చూడని కొత్త నరం, మేకలో మాత్రమే ఉందేమో, పేపర్ రాసెయ్యొచ్చు! రాత్రి రూమ్మేట్‌కి బిర్యానీ కూడా తినిపించాను.

రోజు 16

మేడమ్ చల్లగా ఒకటే మాట అన్నారు: "నరాన్ని ఆపేసి చూశావా?" నరం పనిచెయ్యకుండా చేసినా ఆ స్పందన ఉంటే అది నరానిది కాదు. పఫర్ చేప విషం టెట్రోడోటాక్సిన్ వాడాలి, దాని ధర చూసి కళ్ళు తిరిగాయి. బదులుగా లిగ్నోకెయిన్, పళ్ళ డాక్టరు చిగురుకి పొడిచే మందే, నరాల్లో సోడియం దారులు మూసేస్తుంది. మెడికల్ షాపులో ఆంప్యూల్ కొని బాత్‌లో వేశాను. కండరం ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది, గీత తెర దాటి పోయింది. సీసా తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో "అడ్రినలిన్‌తో". రక్తం కారకుండా ఉండడానికి కలుపుతారు. నా తలకాయ.

రోజు 17

అడ్రినలిన్ లేని లిగ్నోకెయిన్ దొరికింది. వేసినా షాకుకి బిగుసుకోవడం తగ్గలేదు. అంటే నా కొత్త నరం హుష్‌కాకి. కరెంటు నేరుగా కండరాన్నే పట్టి కుదిపేస్తోంది. ఎందుకు? కోడ్ తెరిచి చూస్తే పల్స్ వెడల్పు 300 మైక్రోసెకన్లు ఉండాల్సిన చోట 3000 ఉంది. ఒక్క సున్నా. నరాన్ని లేపడానికి చాలా చిన్న తోపు చాలు, 0.1 నుంచి 0.5 మిల్లీసెకను దాకా, వెడల్పు పెరిగే కొద్దీ కండరమే ఉలిక్కిపడుతుంది. బిర్యానీ డబ్బులు తిరిగి రావు.

రోజు 20

ఈ రోజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

పల్స్ 0.3 మిల్లీసెకను, సెకనుకి 10, మొత్తం పది సెకన్లు. మీట నొక్కాను. ఒకటి, రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత గీత కిందికి వంగింది, కూర్చున్న మనిషి నీరసంగా ఒరిగినట్టు, ఆగకుండా దిగి, దాదాపు అడుగుకి వచ్చేసింది. షాకు ఆపాక కూడా కాసేపు అక్కడే ఉండి, మెల్లగా నిమిషంన్నరలో పైకి పాకింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అంతే. సెకనుకి 2 కొడితే చిన్న పల్లం, 5 కొడితే లోతు, 10కి నిండా. లిగ్నోకెయిన్ వేస్తే పూర్తిగా మాయం. కడిగాక తిరిగి వచ్చింది. అది నరమే! ఎదురుగా ఎవరూ లేకపోతే అటెండర్ అన్నని పిలిచి చూపించాను. "కిందికి పోతే మంచిదా సార్, పైకి పోతే మంచిదా?" అని అడిగాడు, పాపం ఇన్నాళ్ళూ నేను గీత పైకి పోతే తిట్టుకోవడమే చూశాడు.

లోపల జరిగేది ఇదీ అని మా వాళ్ళకి బోర్డు మీద గీసి చెప్పినట్టు చెప్తాను. నరం చివరికి కరెంటు తోపు చేరగానే కాల్షియం లోపలికి వస్తుంది. కాల్షియం వెళ్ళి కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, ఆ జంట నైట్రిక్ ఆక్సైడ్ సింథేస్ అనే ఎంజైమ్‌ని లేపుతుంది. ఆ ఎంజైమ్ ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని, ఆక్సిజన్‌ని కలిపి సిట్రులిన్‌గా మారుస్తూ నైట్రిక్ ఆక్సైడ్‌ని వదులుతుంది. మామూలు నరాల కబురు తిత్తుల్లో ముందే నింపి ఉంటుంది, తలుపు తియ్యగానే ఒలుకుతుంది. దీన్ని ఏ తిత్తిలోనూ దాచలేరు, పొరల్లోంచి తప్పించుకుపోతుంది. అందుకే ఆర్డరు వచ్చాకే దోశ పోసినట్టు, అప్పటికప్పుడు తయారై, తలుపుతో పనిలేకుండా గోడల్లోంచే పక్క కండర కణంలోకి వెళ్ళిపోతుంది. అక్కడ గ్వానిలేట్ సైక్లేస్ ఎంజైమ్‌లోని హీమ్ ఇనుముకి అతుక్కుంటుంది. ఆ ఎంజైమ్ జీటీపీ అనే అణువుని సైక్లిక్ జీఎంపీ అనే కబురు అణువుగా మార్చడం మొదలుపెడుతుంది, దానివల్ల ప్రోటీన్ కైనేస్ జి అనే ఇంకో ఎంజైమ్ లేచి, కణంలో కాల్షియాన్ని తగ్గించి, కండరాన్ని లాగే మయోసిన్ ప్రోటీన్ మీద బిగువు పెట్టే ఫాస్ఫేట్‌ని తీసెయ్యడానికి సాయపడుతుంది. పట్టు సడలుతుంది. ఆ మొదటి రెండు సెకన్ల ఆలస్యం, షాకు ఆపాక కూడా వదులు కాసేపు నిలబడడం, నాకు ఈ చేతులు మారే వ్యవహారంలాగే కనిపించాయి.

రోజు 21

ఇది నైట్రిక్ ఆక్సైడే అని నిరూపించాలంటే ఎల్-నేమ్ కావాలి, ఆ ఎంజైమ్‌ని ఆపే మందు. ఆర్డరు పెట్టి నెలైంది, ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది కొట్టు భాయ్, ఉప్పు, నీళ్ళు. అప్పుడు పాత కథ చదువుతుంటే ఒక సంగతి తట్టింది.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో జాన్ గిలెస్పీ అనే ఫార్మకాలజిస్టు 1972లో ఎలుకలో ఇలాంటి కండరం గురించి రాశాడు, పేరు అనోకాక్సీజియస్. దాన్ని వదులు చేసే నరం అడ్రినలిన్ వర్గానిదీ కాదు, ఎసిటైల్‌కోలిన్ వర్గానిదీ కాదు. దేన్ని వదులుతుందో తెలియదు. అందుకని దానికి "అదీ కాదు ఇదీ కాదు" అని అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు, నాన్ అడ్రినెర్జిక్ నాన్ కొలినెర్జిక్ అని. తర్వాత వాళ్ళు ఎద్దుల రిట్రాక్టర్ పీనిస్ మీద పనిచేశారు, అంటే నాలాగే కబేళా బేరం. 1980లో గిలెస్పీ, మార్టిన్ ఆ కండరం నుంచి ఒక రసం తీశారు, దాన్ని ఆమ్లంతో కలిపితే కండరాన్ని వదులు చేసేది. 1982లో చితికిన ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ ఆ నరం పనిని అడ్డుకుంటుందని చూశారు. అప్పటికి అది నైట్రిక్ ఆక్సైడ్ అని ఎవరికీ తెలియదు!

అంటే ఎల్-నేమ్ లేకుండానే నడిచిన దారి ఒకటి ఉంది, ఆ దారికి కావలసిన సరుకంతా కొట్టులో దొరుకుతుంది.

రోజు 23

"ఇయ్యాల నెత్తురు గూడా గావాల్నా!" అని భాయ్ ఈసారి నిజంగానే నవ్వాడు. సోడియం సిట్రేట్ పోసిన సీసాలో పట్టి ఇచ్చాడు, గడ్డకట్టకుండా.

మేక ఎర్రకణాలు చాలా చిన్నవి, మనిషి కణం 7 మైక్రాన్లు దాటితే వీటిది 3 పైచిలుకే. సెంట్రిఫ్యూజ్‌లో మామూలు టైముకి కిందికి కూర్చోలేదు, రెట్టింపు తిప్పాల్సి వచ్చింది. సెలైన్‌తో మూడుసార్లు కడిగి, డిస్టిల్డ్ వాటర్ పోస్తే కణాలు పగిలి దానిమ్మ రసంలా వచ్చింది. వెంటనే వాడాలి, పాతబడితే గోధుమ రంగుకి తిరుగుతుంది, ఆ రూపం నైట్రిక్ ఆక్సైడ్‌ని ఇలా మింగలేదు.

బాత్‌లో కొంచెం పోశాను. ముందు జరిగింది నురగ. కింద నుంచి కార్బోజెన్ బుడగలు, పైన ప్రోటీన్, పాలు పొంగినట్టు పొంగి లోడ్ సెల్ మీదికి వచ్చింది. బుడగల్ని సన్నగా తగ్గించి, లోడ్ సెల్ తుడిచి, మళ్ళీ మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం రెండు.

తర్వాత మీట నొక్కాను. పది సెకన్లు, సెకనుకి 10. గీత దాదాపు కదల్లేదు. కొద్దిగా వంగి ఆగిపోయింది, అంతే. నరం పనిచేస్తోంది, కండరం బతికే ఉంది, మధ్యలో ఉన్న సందులో హిమోగ్లోబిన్ కాపు కాసి వచ్చినదాన్ని వచ్చినట్టే పట్టేస్తోంది. హిమోగ్లోబిన్ కణం లోపలికి పోలేనంత పెద్దది. కాబట్టి పట్టుబడ్డది నరానికీ కండరానికీ మధ్య బయట తిరిగేదే. కడిగాను, నాలుగుసార్లు, నీళ్ళలో ఎరుపు పోయేదాకా. వదులు మళ్ళీ వచ్చింది.

నాకు తర్వాత ఎన్ని మందులు వాడినా ఇంత నమ్మకం కుదరలేదు. ఆ మేక ఒంట్లో ఆ కండరానికీ ఆ రక్తానికీ మధ్య సన్నటి నాళాల గోడ తప్ప ఏమీ లేదు. నైట్రిక్ ఆక్సైడ్ నాలుగడుగులు వేసేలోపే పట్టేసే కాపలా రక్తంలో ఉంది కాబట్టే ఈ వాయువు కబురు పుట్టిన వీధి దాటి పోదు.

రోజు 26

ఆమ్లం పరీక్ష. సోడియం నైట్రైట్‌ని నీళ్ళలో కరిగించి, కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కి దించి, పది నిమిషాలు ఆగి, అందులోంచి మైక్రోలీటర్లు మాత్రమే బాత్‌లో వేశాను. షాకు కొట్టినప్పటి పల్లమే, అదే వంపు. ఉత్త ఆమ్లం అంతే కొలత వేస్తే ఏమీ లేదు. ఆమ్లం కలపని నైట్రైట్ అంతే వేస్తే ఏమీ లేదు. రక్తం పోసి వేస్తే ఈ పల్లం కూడా పోయింది. రెండు గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఏది నరానిదో ఏది సీసాదో మేడమ్ గుర్తుపట్టలేకపోయారు, పందెం నేనే గెలిచాను, టీ ఆవిడే పోయించారు.

గ్లాస్గో వాళ్ళు 1980లో తీసిన ఆ రసం సంగతి 1988లో తేలింది: అందులో ఉన్నది నైట్రైట్, ఆమ్లం తగిలితే నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఈలోపు అటువైపు రక్తనాళాల కథ నడుస్తోంది, 1980లో ఫర్చ్‌గాట్ అనే అమెరికా శాస్త్రవేత్త నాళం లోపలి పొర ఏదో వదులుతోందని చూపించడం, 1987లో అది నైట్రిక్ ఆక్సైడ్ అని తేలడం, 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకి నోబెల్. నరాల మీద అన్నేళ్ళు పనిచేసిన గ్లాస్గో పేరు అందులో లేదు. నాకెందుకో అది కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది, బహుమతి ముగ్గురికి మించి ఇవ్వరని తెలిసినా సరే.

రోజు 33

ఎల్-నేమ్ వచ్చింది! 100 మైక్రోమోలార్. వేశాక అరగంట ఆగాలి. ఆ అరగంటలో మేడమ్ వైవా మొదలుపెట్టారు, ఈ నరాలు పాడైతే ఏమవుతుందో చెప్పు అని. అన్నవాహిక కింది కవాటంలో ఈ నరాలు పోతే కవాటం వదలదు, మింగింది పైనే నిలబడిపోతుంది, అకలేజియా. పుట్టిన కొన్ని వారాలకే పాలు చిమ్మినట్టు కక్కే పసిపిల్లల్లో, కడుపు చివరి కవాటం దగ్గర నరాల్లో ఈ ఎంజైమ్ కనబడలేదని 1992లో చూశారు, మరుసటి ఏడు ఈ జన్యువు లేకుండా పుట్టించిన ఎలుకలకి కడుపులు ఉబ్బిపోయాయి. మలద్వారం దగ్గర చీలికకి నైట్రోగ్లిసరిన్ మందు పూస్తారు కదా, అక్కడి కండరాన్ని వదులు చెయ్యడానికే. మా తాత జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ ఉండేది, గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునేవాడు, అదీ ఈ వాయువునే పుట్టిస్తుంది, నరం చేసే పని మాత్రే చేస్తుంది అన్నాను. అక్కడ గుండెకి రక్తం తెచ్చే నాళాల సంగతి వేరే చదువుకుని రా అన్నారు.

అరగంటకి కండరం ఇంకొంచెం బిగిసింది. నరం నుంచి సన్నగా కారుతున్న వాయువు కూడా ఆగినట్టుంది. షాకు కొట్టాను, వదులు లేదు. తనే నైట్రిక్ ఆక్సైడ్‌ని వదిలే నైట్రోప్రుసైడ్ అనే మందు వేశాను (వెలుతురు తగిలితే చెడిపోతుంది, సీసాకి ఫాయిల్ చుట్టి ఉంచాలి), దానికి హాయిగా వదిలింది, అంటే కండరం తప్పేమీ లేదు, తయారీయే ఆగింది. డి-ఆర్జినిన్ వేస్తే మార్పు లేదు. కడగకుండానే ఎల్-ఆర్జినిన్ 1 మిల్లీమోలార్ వేసి ఇరవై నిమిషాలాగితే పల్లం తిరిగొచ్చింది. మొదటంత లోతు కాదు, సగం పైన. అద్దంలో ప్రతిబింబంలాంటి రెండు అణువులు, ఒకటి పనికొస్తుంది, ఒకటి రాదు, ఎంజైమ్ ఎంత చాదస్తురాలో!

రోజు 37

హైదరాబాద్‌లో బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో పనిచేసే జూనియర్ ఒకడు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) పొడి శాంపిల్ పంపాడు, పొట్లం మీద నా పేరు చూసి హాస్టల్ వార్డెన్ వేసిన ప్రశ్నలు ఇక్కడ రాయను. సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టే ఎంజైమ్ ఫాస్ఫోడైఎస్టరేస్ 5. ఇది దాన్ని ఆపుతుంది. షాకులు సెకనుకి 2 మాత్రమే కొట్టాను, మామూలుగా చిన్న పల్లం వచ్చే చోట. సిల్డెనాఫిల్ ఉంటే పల్లం లోతైంది, పైకి రావడానికి నాలుగు నిమిషాలు దాటింది. తర్వాత ఎల్-నేమ్ వేసి అదే చేస్తే షాకుకి ఏమీ లేదు. నరం నైట్రిక్ ఆక్సైడ్ పంపకపోతే ఈ మాత్రకి దాచిపెట్టడానికేమీ ఉండదు. మధుమేహంలో ఆ నరాలు దెబ్బతిన్న కొందరికి ఇది సరిగ్గా పనిచెయ్యకపోవడానికి ఇదొక కారణం.

రోజు 38

మూడో ముక్కతో అంతా మళ్ళీ చెయ్యాలి, ఒక్క మేక లెక్క సరిపోదు, కనీసం ఆరు కావాలన్నారు మేడమ్. పొద్దున్నే కొట్టుకి వెళ్ళి భాయ్‌కి ఫోన్లో వీడియో చూపించాను, గీత కిందికి దిగడం, రక్తం పోశాక దిగకపోవడం. చెయ్యి తుడుచుకుని మొత్తం చూశాడు. "గంటె మా నెత్తురే అడ్డం దల్గిందన్నట్టు" అన్నాడు. అవును భాయ్. "రేపు ఐతారం సార్, పోతులెక్కువ కోస్తం. డబ్బా పెద్దది దెచ్చుకోన్రి."